కాన్పు భయం, పాత గాయం ఉన్న గర్భిణికి కౌన్సెలింగ్: మొదటి సిట్టింగ్ నుంచి బాలింత అయ్యేదాకా

"డెలివరీ అంటే వణికిపోతోంది, ఏం చెప్పమంటారు?" అని నన్ను అడిగేవాళ్లలో స్టాఫ్ నర్సులున్నారు, ఆశా కార్యకర్తలున్నారు, కొత్తగా చేరిన కౌన్సెలర్లున్నారు. భార్య రాత్రుళ్లు లేచి కూర్చుంటోందని ఫోన్ చేసే భర్తలూ ఉన్నారు. అందరికీ కావలసింది ఆమెకు చెప్పడానికి ఒక మంచి మాట. కానీ ఈ పనిలో చెప్పేది తక్కువ. అడగడం, వినడం, ముందే ఏర్పాట్లు చేయడం ఎక్కువ.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. గతంలో ఆమెకు ఏం జరిగిందో మొత్తం రాబట్టాల్సిన అవసరం మనకు లేదు. లేబర్ రూమ్‌లో ఏది ఎదురైతే ఆ భయం లేస్తుంది, ఏం చేస్తే తగ్గుతుంది అన్నది తెలిస్తే చాలు. అది ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ల చేతికి అందాలి. కింద చెప్పే అంచెలన్నీ దానికోసమే.

1. ఎవరికి సాయం కావాలో పసిగట్టడం

"నాకు ట్రామా (మనసుకు తగిలిన పాత గాయం) ఉంది" అని ఎవరూ రారు. "నాకు ఆపరేషనే చేసేయండి మేడమ్" అంటారు. "నేను బతకనేమో అనిపిస్తోంది" అంటారు. "చెయ్యి పెట్టి చూస్తారా?" అని తలుపు దగ్గరే అడుగుతారు. ఇలాంటివి కనిపిస్తే ఆగి గమనించండి:

☐ లోపలి పరీక్ష ఉంటుందేమోనని చెకప్‌లు ఎగ్గొట్టడం
☐ పాత కాన్పు ఊసెత్తగానే మాట మార్చడం, ఆ ఆస్పత్రి ఉన్న దారిలోనే వెళ్లకపోవడం
☐ బీపీ చూడడానికి చెయ్యి పట్టుకున్నా బిగుసుకుపోవడం
☐ గతంలో అబార్షన్ అయిన నెల, బిడ్డ పోయిన వారం దగ్గరపడేకొద్దీ నిద్ర లేకపోవడం, కదలికలు పదే పదే లెక్కపెట్టుకోవడం
☐ కాన్పు గురించి పీడకలలు
☐ బిడ్డ గురించి ఒక్క మాటా మాట్లాడకపోవడం

బిడ్డకు బట్టలు కొననివ్వడం లేదన్నది మాత్రం మన ఇళ్లలో గుర్తు కింద లెక్క కాదు. పుట్టకముందే కొనకూడదనే ఆచారం చాలామందికి ఉంది.

తొలిచూలు భయం అందరికీ కొంత ఉంటుంది. ఆ భయం తిండినీ నిద్రనీ చెకప్‌లనీ దెబ్బతీస్తుంటే, గర్భమే వద్దనిపించేలా చేస్తుంటే అది మామూలు టెన్షన్ కాదు. దీన్ని వైద్యంలో టోకోఫోబియా అంటారు. ఇది ఒక్కసారి కూడా కననివారిలోనూ ఉంటుంది, ఒక చెడ్డ కాన్పు తర్వాతా మొదలవుతుంది. రెండో రకంవాళ్లకు "ఈసారి అలా జరగదులే" అన్న మాట పనిచేయదు. పోయినసారి కూడా ఆమెకు అదే చెప్పి ఉంటారు.

2. కూర్చునే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద చెకప్‌లు జరుగుతాయి. ఆ రోజు సర్కారు ఆస్పత్రిలో కాలు పెట్టే సందుండదు. అందుకే ఆ రోజు మనిషిని గుర్తుపట్టడానికి వాడుకోండి, మాట్లాడడానికి మాత్రం ఇంకో రోజు ఇవ్వండి.

అన్నిటికన్నా కష్టం ఆమెతో ఒంటరిగా మాట్లాడడం. పక్కన అత్తగారో ఆడపడుచో ఉంటారు. "మీరు బయట కూర్చోండి" అంటే ఇంటికెళ్లాక ఈమెకు ప్రశ్నలు తప్పవు. దీనికి నాకు తెలిసిన మంచి దారి ఒకటే. బరువు చూసేటప్పుడు గర్భిణి ఒక్కరే లోపలికి రావాలి అన్నది అందరికీ ఒకే నియమంగా పెట్టండి, గోడ మీద కాగితం అంటించండి. అప్పుడు ఎవరినీ ప్రత్యేకంగా పిలిచినట్టు ఉండదు.

☐ తలుపు మూసుకునే గది, లేదంటే కనీసం కర్టెన్, మాట బయటికి వినపడనంత దూరం
☐ మంచినీళ్లు, టిష్యూలు, ఒక కాగితం, పెన్ను
☐ 40 నిమిషాల సమయం, ఫోన్ సైలెంట్‌లో
☐ మీ ఊరికి దగ్గరలో సైకియాట్రిస్ట్ ఎక్కడ, ఏ రోజుల్లో చూస్తారు అన్న వివరం
☐ నంబర్లు: మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416 (తెలుగులో, 24 గంటలూ), మహిళా హెల్ప్‌లైన్ 181, అంబులెన్స్ 108, అత్యవసరానికి 112

వీలైతే అయిదో నెలలో మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు సిట్టింగ్‌లు పెట్టుకోండి. తొమ్మిదో నెలలో వచ్చినా ఆలస్యమైందని పంపేయకండి. అప్పుడు 4, 7, 8 అంచెలు మాత్రం చేయండి. రెండు సిట్టింగ్‌లలో అయిపోతాయి.

3. మొదటి సిట్టింగ్: మాట ఎలా కలపాలి

ముందు కుర్చీ ఆమెనే ఎంచుకోనివ్వండి. "ఎక్కడ కూర్చుంటే మీకు వీలుగా ఉంటుంది?" అని అడగండి. భయం ఉన్నవాళ్లు తరచూ తలుపు కనిపించే కుర్చీ ఎంచుకుంటారు. మీరు తలుపుకు అడ్డంగా కూర్చోవద్దు.

తర్వాత గోప్యత గురించి, దానికున్న హద్దుతో సహా చెప్పండి: "మీరు చెప్పింది మీ ఇంట్లోవాళ్లకు చెప్పను. మీ ప్రాణానికో బిడ్డ ప్రాణానికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం డాక్టరుగారికి చెప్పాల్సి వస్తుంది. అదీ మీకు చెప్పే చేస్తాను." మానసిక వైద్యం పొందేవారి వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. ఆమెకు 18 ఏళ్లు నిండకపోతే 2012 పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. ఆ సంగతి ఆమె నోరు విప్పకముందే చెప్పాలి. అంతా విన్నాక చెబితే నమ్మకద్రోహం చేసినట్టే.

ఆ తర్వాత తేలికైన ప్రశ్నతో మొదలుపెట్టండి: "కాన్పు రోజు గుర్తొస్తే మీకు ముందు ఏం కనిపిస్తుంది?" "ఎందుకు భయం?" అని అడగొద్దు. "ఎందుకు" అనగానే సంజాయిషీ అడిగినట్టు అవుతుంది, ఆమె "ఏం లేదు మేడమ్" అనేస్తుంది.

మాట ఆగిపోతే నిశ్శబ్దాన్ని భరించండి. ఒకామె పావుగంట సేపు ఏమీ మాట్లాడలేదు. మాతా శిశు కార్డు ప్లాస్టిక్ కవరు మూల మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. నేనూ మాట్లాడలేదు. చివరికి "ఆ బల్ల ఎక్కకుండా కనడం కుదరదా?" అంది. ఆమెతో చేసిన పనంతా ఆ ఒక్క ప్రశ్న నుంచే మొదలైంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటి బదులు అనాల్సినవి:

"అందరూ కనట్లేదా? నీకేనా కొత్త?" అంటాం. బదులుగా: "ఈ భయం చాలామందికి ఉంటుంది. మీకు ఏ భాగం ఎక్కువ కష్టంగా అనిపిస్తోంది?"

"మా అమ్మ పొలంలో కని నడిచొచ్చింది" అంటాం. ఆ కథ ఎంత నిజమైనా ఇక్కడ వద్దు. దాని బదులు అసలేమీ అనకపోయినా ఫర్వాలేదు.

"ఏడవకు, బిడ్డకు మంచిది కాదు" అంటాం. భయానికి తోడు తప్పు చేస్తున్నానన్న బెంగ కూడా అంటుకుంటుంది. బదులుగా: "ఏడుపొస్తే రానివ్వండి, నేనిక్కడే ఉంటాను."

"ఏమీ కాదు, నాది పూచీ" అని మాట ఇవ్వొద్దు. కాన్పు మన చేతిలో లేదు. "మీకు చెప్పకుండా ఏమీ చేయకుండా చూడడానికి మేం ఏం చేయగలమో ఇప్పుడే రాసుకుందాం" అనండి.

4. భయాన్ని ముక్కలు చేయడం

"డెలివరీ భయం" అనే ముద్దను అలాగే ఉంచి ఎవరూ ఏమీ చేయలేరు. రెండో సిట్టింగ్‌లో ఆ ముద్దను విడదీయాలి. కాగితం మీద ఆమె మాటల్లోనే రాయండి. మనం మర్యాదగా మార్చి రాస్తే అసలు సంగతి పోతుంది. ఇలాంటివి వస్తాయి: చెయ్యి పెట్టి చూస్తారు. ఒంటి మీద బట్ట ఉండదు. అరిస్తే తిడతారు. ఒక్కదాన్నే వదిలేస్తారు. చెప్పకుండా కోసేస్తారు. మగ డాక్టరు వస్తాడు. బిడ్డ ఏడవదేమో. నేను చచ్చిపోతానేమో.

రాసిన ప్రతి దాన్నీ మూడు కుప్పల్లో ఒకదాంట్లో పెట్టండి.

మొదటి కుప్ప, సమాచారంతో తగ్గేవి. "గంటగంటకూ చెయ్యి పెట్టి చూస్తారట" అన్నది ఇందులోకి వస్తుంది. అన్నీ సవ్యంగా సాగుతుంటే నొప్పులు ఊపందుకున్నాక నాలుగు గంటలకోసారి చూస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందరికీ కోత పెట్టడం, పైనుంచి పొట్ట నొక్కడం చేయాల్సినవి కావని కూడా ఆ సంస్థ 2018 సూచనల్లో ఉంది.

రెండో కుప్ప, ఏర్పాటుతో తగ్గేవి. తోడు మనిషి, దుప్పటి, కర్టెన్, ముట్టుకునే ముందు చెప్పడం, మహిళా డాక్టరు. వీటిలో కొన్ని కుదరకపోవచ్చు. కుదరనివి ముందే చెప్పేయండి. "రాత్రి డ్యూటీలో మహిళా డాక్టరు ఉంటారని చెప్పలేను, కానీ మీ పక్కన ఒక సిస్టర్ ఉండేలా రాస్తాను" అంటే ఆమె తట్టుకుంటుంది. ఆరోజు హఠాత్తుగా మగ డాక్టరు ఎదురైతే తట్టుకోలేదు.

మూడో కుప్ప, చికిత్స కావలసినవి. పీడకలలు, ఆ పాత రోజు మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం, చనిపోవాలన్న ఆలోచనలు. వీటిని మాటలతో సర్దిచెప్పాలని చూడొద్దు, 6వ అంచెలోకి తీసుకెళ్లండి.

చాలామంది విషయంలో పెద్ద కుప్ప రెండోదే అవుతుంది.

5. పాత గాయం: ఎంత అడగాలి, అది లేస్తే ఏం చేయాలి

అడిగే తీరు ఇలా ఉండొచ్చు: "వివరాలేవీ చెప్పక్కర్లేదు. మీ ఇష్టం లేకుండా ఎవరైనా మీ ఒంటి మీద చెయ్యి వేయడం గానీ, ఆస్పత్రిలో మిమ్మల్ని బాగా భయపెట్టిన సంఘటన గానీ ఉంటే, అది తెలిస్తే మేం జాగ్రత్తగా ఉంటాం. ఉంది, లేదు, ఇప్పుడు చెప్పను. ఏదన్నా సరే."

"ఉంది" అంటే వెంటనే "ఎవరు? ఎప్పుడు?" అనొద్దు. "చెప్పినందుకు సంతోషం. చెకప్‌లో మేం ఏది చేస్తే మీకు అది గుర్తొస్తుంది?" అని అడగండి. స్పిరిట్ వాసన, స్టీల్ ట్రేలో కత్తెర పడిన చప్పుడు, మోకాళ్లు విడదీయమన్న మాట, "కాసేపు ఓర్చుకో" అన్న మాట, వెల్లకిలా పడుకోవడం. జవాబులు ఇంత చిన్నవిగానే ఉంటాయి. వాటిని రాసుకోండి.

మాట్లాడుతుండగానే పాత సంఘటన మీద పడిపోవచ్చు. మనిషి ఎదురుగానే ఉంటుంది, చూపు ఎక్కడో ఉంటుంది. ఊపిరి పైపైన ఆడుతుంది, చేతులు చల్లబడతాయి, పిలిచినా పలకదు. అప్పుడు ఈ వరుసలో చేయండి:

ఒకటి. ముట్టుకోవద్దు. భుజం తట్టాలని చెయ్యి ముందుకు వస్తుంది, ఆపుకోండి.

రెండు. పేరు పెట్టి నెమ్మదిగా పిలిచి, ఎక్కడుందో చెప్పండి: "మీరు మన ఆస్పత్రి గదిలో ఉన్నారు. ఇవాళ బుధవారం. నేను మీ ఎదురుగా కూర్చున్నాను. తలుపు మీ కుడివైపు ఉంది."

మూడు. కళ్లు తెరిచే ఉంచమనండి. పాదాలు నేలకు ఆనించి కిందికి నొక్కమనండి. చల్లటి నీళ్ల గ్లాసు చేతికివ్వండి.

నాలుగు. కనిపించేవి అయిదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు చెప్పమనండి. ఫ్యాను, క్యాలెండరు, మీ చీర రంగు, ఏదైనా సరే.

అయిదు. ఊపిరి కుదుటపడుతుంటే, నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమనండి. ఊపిరి బిగబట్టడం వద్దు.

"కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఊహించుకోండి" అనే రిలాక్సేషన్ చాలామందికి హాయి. పాత గాయం ఉన్నవాళ్లలో కొందరికి కళ్లు మూయగానే అదే సీను వస్తుంది. అందుకే నేను ముందు కళ్లు తెరిచి చేసేవే నేర్పిస్తాను.

తేరుకున్నాక వెంటనే పంపేయకండి. ఇంటికెలా వెళ్తారు, ఎవరితో వెళ్తారు, ఈ పూట ఏం వండుతారు అని అడగండి. ఆ మామూలు మాటలే ఆమెను ఈ రోజులోకి తీసుకొస్తాయి.

హింస ఇప్పటికీ ఇంట్లో జరుగుతోందని తెలిస్తే పద్ధతి మారుతుంది. భర్తను పిలిచి ఇద్దరికీ కలిపి కౌన్సెలింగ్ చేయొద్దు, ఇంటికెళ్లాక ఆ కోపం ఆమె మీద పడుతుంది. చేతికి కరపత్రం ఇవ్వొద్దు, అది దొరికిపోతుంది. 181 నంబరు నోటితో చెప్పి గుర్తుపెట్టుకోమనండి. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయని, 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరవచ్చని చెప్పండి. ఎప్పుడు అడుగు వేయాలన్నది ఆమె నిర్ణయం. ఇవాళ ఇంటికి వెళ్లడం ప్రమాదమా అన్నది మాత్రం ఆ సిట్టింగ్‌లోనే అడిగి తేల్చుకోవాలి.

6. స్క్రీనింగ్, పై వైద్యం

డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇప్పటికీ బాగా పనికొస్తుంది. పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి, మొత్తం 30 మార్కులు. సాధారణంగా 13 లేదా అంతకు మించి వస్తే మానసిక వైద్యులకు చూపించాలి. చదవలేనివారికి ఒక్కో ప్రశ్నా నెమ్మదిగా చదివి వినిపించండి, జవాబు మీరు ఊహించి టిక్ పెట్టొద్దు. మొత్తం ఎంతొచ్చినా పదో ప్రశ్న విడిగా చూడాలి. అది తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. అక్కడ సున్నా కాకపోతే ఆ రోజే మాట్లాడాలి.

"చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి చాలామంది జంకుతారు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఎప్పుడు అనిపిస్తుంది, ఎలా అన్నది ఆలోచించిందా, ఇంట్లో పురుగుల మందు ఉందా అన్నవి కూడా అడగాలి. ప్రమాదం ఉంటే ఒంటరిగా పంపొద్దు.

పాత గాయానికి శిక్షణ ఉన్నవాళ్లు చేసే సీబీటీ (ఆలోచనల తీరు మార్చే చికిత్స), ఈఎండీఆర్ (కంటి కదలికలతో చేసే చికిత్స) ఉన్నాయి. మనకు ఆ శిక్షణ లేకపోతే గాయాన్ని తవ్వే పని పెట్టుకోకూడదు. ఏర్పాట్ల పని మాత్రం మనమే చేయొచ్చు.

మందుల విషయంలో రెండు పొరపాట్లు తరచూ చూస్తుంటాను. నెల తప్పిందని తెలియగానే ఇంట్లోవాళ్లు డిప్రెషన్ మాత్రలు ఒక్కసారిగా ఆపించేస్తారు. అలా ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు, సైకియాట్రిస్ట్‌ను అడగకుండా ఆపకూడదు. రెండోది, ఫిట్స్‌కు, కొన్ని మానసిక జబ్బులకు వాడే సోడియం వాల్‌ప్రోయేట్ లాంటి కొన్ని మందులు గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి. అవి వాడుతున్నామని చెప్పకుండా దాచేస్తారు. పాత చీటీలన్నీ తెమ్మనండి.

7. లేబర్ రూమ్ ముందే చూపించడం

ఎనిమిదో నెలలో, రద్దీ లేని వేళ, సిస్టర్ ఇన్‌చార్జిని అడిగి తీసుకెళ్లండి. లోపల ఎవరికైనా నొప్పులు వస్తుంటే ఆ రోజు మానేయండి.

గుమ్మం దగ్గర ఆగి "లోపలికి వెళ్దామా, ఇక్కణ్నించే చూద్దామా?" అని అడగండి. మొదటిరోజు గుమ్మం దాటకపోయినా ఆ రోజు పని అయినట్టే. రెండోసారి బల్లను తాకనివ్వండి. ట్రే చప్పుడు విననివ్వండి. బాత్రూమ్ ఎక్కడో, తోడు మనిషి ఎక్కడ నిలబడతారో, బిడ్డను ముందు ఎక్కడ పెడతారో చూపించండి. పక్కకు తిరిగి పడుకోవడం, కూర్చోవడం, నడవడం వీటిలో ఏవి కుదురుతాయో సిస్టర్‌నే అడిగి చెప్పించండి.

అక్కడే "ఆగండి" అనే సైగ ఒకటి ఖాయం చేయండి. చెయ్యి పైకెత్తితే చూసేవాళ్లు ఆగాలి. నోట మాట రాని క్షణంలో కూడా చెయ్యి లేస్తుంది. ముందు బీపీ చూసేటప్పుడు, తర్వాత పొట్ట చూసేటప్పుడు సాధన చేయించండి. ఆమె చెయ్యెత్తగానే సిస్టర్ నిజంగా ఆగడం ఒక్కసారి చూస్తే చాలు, ముఖంలో తేడా తెలుస్తుంది.

8. ఒక పేజీ కాగితం

అన్నిటిలోకీ నేను పట్టుబట్టే పని ఇదే. డ్యూటీలు మారతాయి, డాక్టర్లు మారతారు, నొప్పుల్లో ఉన్న మనిషి వివరించలేదు. కాగితం వివరిస్తుంది. పైగా మన దగ్గర తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్తారు. ఏడో నెల దాకా ఒక ఊళ్లో చూపించుకున్న మనిషి కాన్పు ఇంకో జిల్లాలో అవుతుంది. కాగితం ఆమెతో ప్రయాణం చేయాలి.

ఎలా రాయాలి:

☐ ఒకే పేజీ, పెద్ద అక్షరాలు, పది లైన్లు మించకుండా
☐ కారణం రాయక్కర్లేదు, అత్యాచారం, వేధింపు లాంటి మాటలు ఆమె ఒప్పుకుంటే తప్ప రాయకూడదు
☐ "చేయకండి" కంటే "ఇలా చేయండి" ఎక్కువగా
☐ రెండు కాపీలు: ఒకటి మాతా శిశు కార్డు కవరులో, ఒకటి కేసు షీటుకు
☐ డాక్టరుగారు చూసినట్టు సంతకం

నమూనా:

"నాకు పాత అనుభవం వల్ల కాన్పంటే చాలా భయం. దయచేసి ఇవి పాటించండి.
ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నారో చెప్పండి, నేను సరే అన్నాక చేయండి.
నా తొడల మీద చెయ్యి వేసి పట్టుకోకండి. కాళ్లు నేనే జరుపుకుంటాను.
చూడాల్సిన భాగం తప్ప మిగతాదంతా దుప్పటి కప్పండి.
నేను చెయ్యి పైకెత్తితే ఆగండి.
మా పెద్దమ్మ నా తల దగ్గర ఉంటుంది.
నేను పలకకపోతే పేరు పెట్టి పిలిచి, ఎక్కడున్నానో చెప్పండి.
కోత గానీ ఆపరేషన్ గానీ అవసరమైతే కారణం ఒక్క వాక్యంలో నాకే చెప్పండి.
అత్యవసరమైతే ఆలస్యం చేయకుండా చేయండి, చేస్తూనే చెప్పండి."

తొడల గురించిన ఆ లైన్ ఒకామె తన చేత్తో రాసింది. మొదటి కాన్పులో నొప్పులకు తట్టుకోలేక అరిస్తే తొడ మీద కొట్టారట. నాలుగేళ్లయినా ఆ చోట చీర కుచ్చిళ్లు తగిలినా ఉలిక్కిపడేది. ఇంత చిన్న లైన్ రాయడానికి మాకు మూడు సిట్టింగ్‌లు పట్టింది.

చివరి లైన్ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే డాక్టర్లు కాగితాన్ని అడ్డంకిగా చూస్తారు. ఉంటే సహకరిస్తారు.

9. తోడు మనిషి, ఇంట్లోవాళ్లు

సర్కారు ఆస్పత్రుల్లో కాన్పు వేళ తోడు ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. లేబర్ రూమ్‌ల నాణ్యత పెంచడానికి 2017 చివర్లో మొదలైన లక్ష్య కార్యక్రమంలోనూ అది భాగం. సాధారణంగా ఆడమనిషిని, వీలైతే కాన్పు అనుభవం ఉన్నవారిని అనుమతిస్తారు. విడిగా మరుగు ఉన్నచోట భర్తనూ రానివ్వొచ్చు. మీ ఆస్పత్రిలో ఎలా ఉందో ముందే అడిగి తెలుసుకోండి.

ఎవరు రావాలో ఆమెనే అడగాలి, అదీ ఒంటరిగా ఉన్నప్పుడు. అమ్మే రావాలని మనమనుకుంటాం. కొందరికి అమ్మను చూస్తే ఇంకా కంగారు, పిన్నో వదినో కావాలంటారు. ఆమె పేరు చెప్పాక, "డాక్టరుగారు ఈమెను రమ్మన్నారు" అని ఇంట్లో మీరే చెప్పండి. ఆ నింద ఆమె మీద పడదు.

తోడు మనిషికి ఒక సిట్టింగ్ ఇవ్వండి. చేయాల్సినవి మూడే: తల దగ్గర ఉండడం, ఊపిరి లెక్క చెప్పడం, కాగితం సిస్టర్‌కు చూపించడం. చూసిన కష్టం కాన్పుల కథలు మాత్రం బయటే వదిలేసి రావాలి. సీమంతానికి వచ్చిన పెద్దలూ ఈ కథలే చెబుతారు. ఎవరైనా మొదలుపెడితే మాట మళ్లించే పని ఇంట్లో ఒకరికి ముందే అప్పజెప్పండి.

10. "ఆపరేషనే కావాలి" అంటే

కసురుకోవద్దు, వెంటనే ఒప్పుకోనూ వద్దు. ఆపరేషన్ మన దగ్గర కొత్తేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆమె చుట్టూ ఉన్నవాళ్లలో చాలామందికి అదే జరిగి ఉంటుంది.

"ఆపరేషన్‌లో ఏది తప్పుతుందని అనుకుంటున్నారు?" అని అడగండి. కొందరు "చెయ్యి పెట్టి చూడరు కదా" అంటారు. అప్పుడు అసలు భయం ఏదో తెలిసిపోతుంది. థియేటర్లో వెన్నులో ఇంజక్షన్, చేతులు చాచి పడుకోవడం, మూత్రం పైపు, ఎదుట కట్టిన గుడ్డ ఇవన్నీ ఉంటాయని కూడా చెప్పండి. ఒంటిని కదలనివ్వరనే భయం ఉన్నవాళ్లకు అది ఇంకా కష్టం కావొచ్చు. అన్నీ తెలిశాక కూడా ఆపరేషనే కావాలంటే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లి, ఆమె మాటను ఆమె తరఫున వినిపించండి. ఎటు తేలినా కాగితం రెండు దారులకూ రాయండి. నొప్పుల మధ్యలో ఆపరేషన్ అవసరం పడొచ్చు.

11. నొప్పుల రోజు

డ్యూటీలో ఉన్నవాళ్లకు నేనిచ్చే చీటీ ఇది:

☐ రాగానే కాగితం చదవడం, షిఫ్ట్ మారేటప్పుడు చెప్పడం
☐ పీవీ (లోపలి పరీక్ష) చేసే ముందు "ఇప్పుడు చూడొచ్చా?" అని అడగడం, చూసేది ఒక్కరే
☐ గదిలో పనిలేనివాళ్లను పంపేయడం
☐ "కాసేపు ఓర్చుకో", "నోరు మూసుకో" అనకపోవడం
☐ ఉన్నట్టుండి అరుపు ఆగి కొయ్యబారితే నొప్పి తగ్గిందనుకోకపోవడం

చివరిది చాలామందికి తెలియదు. అరవని మనిషిని చూసి "బాగా సహకరిస్తోంది" అని రాసేస్తారు. ఆమె ఆ క్షణంలో అక్కడ లేదు. 5వ అంచెలో చెప్పినట్టు పేరు పెట్టి పిలవాలి.

12. బాలింత అయ్యాక

మర్నాడే కూర్చోబెట్టి "ఏం జరిగిందో మొత్తం చెప్పు" అని గుచ్చి గుచ్చి అడగొద్దు. కాన్పు అయిన వెంటనే అనుభవాన్ని బలవంతంగా తిరగతోడించడం మేలు చేయదు. ఆమె అడిగితే మాత్రం ఏది ఎందుకు చేశారో డాక్టరో సిస్టరో ఓపిగ్గా చెప్పాలి. "బిడ్డ బాగుంది కదా, ఇంకేం?" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడండి.

మూడో రోజు మొదలై వచ్చే ఏడుపు, చిరాకు మామూలే, రెండు వారాల్లో తగ్గుతాయి. తగ్గకపోతే ఎడిన్‌బరో ప్రశ్నావళి మళ్లీ చేయండి. కాన్పు దృశ్యాలు నెల దాటాక కూడా కళ్లముందు తిరుగుతుంటే చికిత్సకు పంపండి. నిద్ర పూర్తిగా పోవడం, పొంతన లేని మాటలు, ఎవరో బిడ్డను మార్చేశారనడం, లేని గొంతులు వినపడడం కనిపిస్తే అది అత్యవసరం. గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరుగుతూ రోజులు పోగొట్టొద్దు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, బిడ్డతో ఒంటరిగా వదలకూడదు.

పాలిచ్చేటప్పుడు రొమ్ము తాకించుకోవడం కూడా కొందరికి పాత గాయాన్ని లేపుతుంది. బిడ్డను పట్టించడానికి ఆయా చటుక్కున చెయ్యి వేయకుండా, ఎలా పట్టుకోవాలో మాటతో చెప్పి ఆమె చేతులతోనే చేయించాలి.

ఆరో వారం చెకప్‌కు వచ్చినప్పుడు ఆ ఒక పేజీ కాగితం వెంట తెమ్మనండి. పెన్సిల్ ఇచ్చి, ఏ లైన్ పనికొచ్చిందో టిక్ పెట్టమనండి. ఎవరూ పట్టించుకోని లైన్ కింద గీత గీయమనండి, కొత్తగా రాయాలనిపించింది రాయమనండి. గీతలున్న లైన్లు సిస్టర్ ఇన్‌చార్జికి చూపించండి. అసలు కాగితం మాత్రం మడిచి మళ్లీ ఆమె కార్డు కవరులోనే పెట్టండి.